ఇంట్లో పోసిన నారు

ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలంలో టమోటా నారు మా ఇంటి లోపల ఉండింది, మేము నలుగురం ఇంటి బయట ఉండినాం. ఇల్లంటే పెద్దదేమీ కాదు. పుంగనూరికి ఎనిమిది మైళ్ళ దూరాన, ఊరికి విడిగా ఉండే మా వీధిలో, బోదగడ్డి కప్పిన ఒకే ఒక్క గది. అందులోనే పొయ్యి, అందులోనే రాగుల కుండ, అందులోనే మా అవ్వ మంచం. ఆ ఏడు పొయ్యి వాకిట్లోకి వచ్చింది. అవ్వ మంచం వేపచెట్టు కిందికి పోయింది.

"సచ్చినాక బయటికి మోస్తారని తెలుసుగానీ, టమేటా మొక్కల కోసరం బతికుండంగానే మోస్తారని అనుకోలేదమ్మా" అని మా అవ్వ బయ్యమ్మ దారిన పోయేవాళ్ళందరికీ చెప్పుకునేది. చెప్పుకుంటూనే, కోడిపిల్ల ఏదైనా వాకిలి దాటబోతే అందరికంటే ముందు కట్టె పట్టుకుని లేచేది కూడా ఆమే.

అంతకుముందు ఏడు గవర్నమెంటువాళ్ళు మా వీధిలో పదకొండు ఇళ్ళకు పట్టాలిచ్చారు. మా నాయన గంగులప్ప పేరు మీద గుట్ట కింద రెండెకరాలు వచ్చింది. రాళ్ళు, కంపచెట్లు, ఎర్రమట్టి. మా నాయన పద్నాలుగో ఏటినుంచీ వెంకటేశులప్ప ఇంట్లో జీతానికి ఉండేవాడు. మా పక్క జీతమంటే ఉగాదినుంచి ఉగాదిదాకా ఆ ఇంటి ఎద్దులు లేచేముందు లేచి, అవి పడుకున్నాక ఇంటికి రావడం. ఆ ఉగాదికి మా నాయన కొత్త ఏడాదికి ఒప్పుకోలేదు.

"నాకూ చేనుండాది గదప్పా. ఈ యేడు దాన్ని సూసుకుంటా" అన్నాడట.

వెంకటేశులప్ప కోపం చేసుకోలేదు. ఆయన తోటకూ మా రెండెకరాలకూ నడుమ ఒక్క గెనిమ గట్టే అడ్డం. ఆయన బావి ఆ గెనిమ పక్కనే ఉండేది. "నీళ్ళకు దిగులుపడబాక గంగులా. మోటారు ఆడేటప్పుడు ఒక గడియ మీ పక్కకు మళ్ళించుకుంటే నాకు పోయేదేముండాది" అన్నాడు. ఆ మాట ఆయన మనసులోనుంచే అన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. మా నాయన మాత్రం ఆ మాటను ఇంటికి తెచ్చి, మా అమ్మకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెప్పేటప్పుడు ఒక గడియ కాస్తా ఒక పూట అయింది.

టమోటా పెట్టాలన్నది మా అమ్మ పాపక్క ఆలోచన. వెంకటేశులప్ప కాయలు మదనపల్లె మండీకి పోయేటప్పుడు దించడానికి ఆమె రెండేళ్ళుగా లారీలో పోయి వస్తుండేది. మండీలో వ్యాపారస్తులు పగిలిన పండ్లు పక్కకు విసిరేసేవాళ్ళు. అందరూ వాటిని ఒళ్ళో వేసుకొచ్చి పులుసు పెట్టుకుంటే, మా అమ్మ మాత్రం ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసేది. తోలు మందం, కండ గట్టితనం, గింజల గుంపు. నచ్చిన పండు గింజల్ని రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టి, జిగురు పోయేదాకా బూడిదతో రుద్ది, పాత పంచె ముక్క మీద నీడలో ఎండబెట్టేది. అట్లా రెండు కాపుల్లో ఒక చారెడు గింజలు పోగయ్యాయి. బొగ్గుపొడి కలిపి సీసాలో పోసి, మూతికి గుడ్డ కట్టి, కప్పు వాసానికి వేలాడదీసింది. అప్పుడు నాకు పదహారేళ్ళు. ఏడో తరగతితో బడి మానేసి అమ్మతో కూలికి పోతుండేదాన్ని. మనకు చేనే లేదుగదా, ఈ గింజలెందుకని నవ్వేదాన్ని. పట్టా వచ్చినాక నవ్వలేదు.

ఉగాది పోయిన వారానికి అమ్మ మా చేన్లోనే ఒక మూల మడి కట్టి సగం గింజలు పోసింది. తాగే నీళ్ళబావినుంచి బిందెలతో మోసుకుపోయి చల్లాం. మూడో రోజు చీమలు బారులు తీరి గింజల్ని మోసుకుపోయాయి. మిగిలినవి మొలకెత్తాయి కానీ, రెండాకులు విప్పిన పూటే ఎండకు వడలి, పిడికిట్లో నలిపితే పొడి అయ్యేంతగా ఎండిపోయాయి. ఆ రోజు అమ్మ మడి పక్కన కూర్చుని చాలాసేపు లేవలేదు. నాయన వచ్చి, "పోనీలేమే, సగముండాయి గదా" అన్నాడు.

"ఉండే సగం గూడా ఈ ఎండకే ఇయ్యల్లా?" అంది అమ్మ. లేచి మట్టి దులుపుకుని, "ఇంట్లో పోస్తా" అంది.

నాయన నవ్వాడు. ఇంట్లో నారు పోయడం మా వీధిలో ఎవరూ చూడలేదు, వినలేదు. అయినా మరుసటి రోజు వీధి వీధంతా తిరిగి అడిగి తెచ్చింది మా అవ్వే. చిల్లులుపడ్డ కిరసనాయిలు డబ్బాలు, పగిలిన కుండల అడుగులు, పిడి ఊడిన బక్కెట్లు, వెంకటమ్మ వాళ్ళింట్లో చంటిపిల్లకు నీళ్ళుపోసే పాత బేసిను. ఇరవై మూడు. ప్రతిదానికీ నాయన మేకుతో అడుగున తూట్లు కొట్టాడు. అమ్మ గుట్ట కిందినుంచి ఎర్రమన్ను, వంకలో ఇసుక, మేకల దొడ్లో మాగిన ఎరువు తెచ్చి, పిండి జల్లెడతో జల్లించి కలిపింది. పెనంమీద ఆ మట్టిని వేయించింది కూడా. "మట్టిని ఏంచే ఆడదాన్ని ఈడే సూస్తాండా" అని వెంకటమ్మ వీధంతా చెప్పింది. పురుగు చావాలంటే అంతే అని అమ్మ అనేది. అది ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదేమో.

గింజల్ని తడిగుడ్డలో చుట్టి మూడు రోజులు పొయ్యి గట్టున పెట్టింది. తెల్లటి మొనలు కనబడ్డాక, ఒక్కొక్క గింజనూ చీపురుపుల్ల మొనతో మట్టిలోకి నెట్టింది. నేను ఎదురుగా కూర్చుని గీతలు గీసిచ్చాను. ఆరో రోజుకు ఇరవై మూడు గిన్నెల్లోనూ పచ్చగా లేచాయి. గడప దాటి లోపలికి అడుగు పెడితే పచ్చి వాసన. ఆ చీకటి గదిలో అంత పచ్చదనం నేనెప్పుడూ చూడలేదు.

నాలుగు రోజులకు మాకు భయం పట్టుకుంది. మొలకలు దారాల్లాగా సన్నగా, పొడుగ్గా సాగి, అన్నీ వాకిలి పక్కకే వాలిపోతున్నాయి. వెలుతురు కోసం అవి మెడ చాస్తున్నాయని మొదట గమనించింది మా నాయన. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు. తూర్పు పక్క రెండు బారల మేర బోదగడ్డి పీకేశాడు. గదిలోకి ఎండ ధారగా దిగింది. అవ్వ కిందనుంచి అరిచింది.

"ఒరే గంగులా, వానొస్తే?"

"రానీమ్మా. వానొస్తే మనకు ఇల్లెందుకు, చేన్లోనే పడుకుందాం" అన్నాడు నాయన పైనుంచి.

ఆ ఎండాకాలంలో మా నాయన నవ్వుతూ అన్న మాటల్లో నాకు బాగా గుర్తుండేది అదొక్కటే.

వెలుతురు చాలింది. తర్వాత నీళ్ళు ఎక్కువై ఆరు గిన్నెల్లో మొలకలు మట్టి దగ్గర నల్లబడి, ఉన్నట్టుండి పడిపోయాయి. అమ్మ ఆ గిన్నెల్ని బయట పారబోసి, అప్పటినుంచి చెంబుతో పోయడం మానేసి వేళ్ళతో చిలకరించేది. రోజూ పొద్దున గిన్నెలన్నీ సగం చుట్టు తిప్పేది, ఒకే పక్కకు వాలకుండా. అరచేత్తో వాటి తలల మీద మెల్లగా నిమిరేది. గాలి తగలని మొక్కకు కాడ గట్టిపడదు, అందుకని. మూడు వారాలయ్యాక ఎండ అలవాటు చేయడం మొదలుపెట్టాం. పొద్దున ఒక గంట బయట, మళ్ళీ లోపల. మరుసటి రోజు రెండు గంటలు. పదిహేడు గిన్నెలు మోసుకొచ్చి, మోసుకుపోయి, నా నడుము పట్టేసేది. మొక్కలు మాత్రం బొద్దుగా, కాడ ఊదారంగు తిరిగి, జానెడు ఎత్తున నిలబడ్డాయి. వీధిలో వాళ్ళు కూలికి పోతూ మా వాకిట్లో ఆగి చూసి పోయేవాళ్ళు. మట్టిని వేయించిందని నవ్విన వెంకటమ్మే, "వచ్చే యేడు నాకూ పోసియ్యి పాపక్కా, మాకూ పట్టా ఉండాది గదా" అంది.

అక్కడ చేన్లో మా నాయన ఒంటరిగా రాళ్ళు ఏరి గట్టుకు పోశాడు. ఎద్దుల్ని అడిగి తెచ్చి ఇరవై సెంట్లు మెత్తగా దున్నాడు. సాళ్ళు తీశాడు. ఇక నీళ్ళు రావడమే తరువాయి.

చైత్ర వైశాఖాల్లో మామూలుగా రెండు వానలు పడేవి. ఆ ఏడు ఒక్కటీ పడలేదు. సాయంత్రమయ్యేటప్పటికి పుంగనూరు పక్క మబ్బు కమ్మేది, గాలి లేచేది, దుమ్ము కళ్ళల్లో పడేది, అంతే. నారుకు ఇరవై అయిదు రోజులు నిండగానే నాయన వెంకటేశులప్ప దగ్గరికి పోయాడు. "ఒక వారం ఆగు గంగులా, ఊట కొంచెం తగ్గింది" అన్నాడాయన. వారానికి పోతే, ఇంకో వారం అన్నాడు. ఇంట్లో నారు ఆగేది కాదు. డబ్బాల అడుగున తూట్లలోనుంచి తెల్లటి వేర్లు బయటికి వచ్చి నేలను వెతుక్కుంటున్నాయి. కొన్ని మొక్కలకు మొగ్గ కూడా కనబడింది. అమ్మ వాటిని గిల్లేసింది. చిటికెన వేలి గోటితో చివుళ్ళు గిల్లుతూ, "ఆగండి, ఆగండి" అని గొణుక్కునేది. ఎవరికి చెప్పేదో.

ముప్పై ఎనిమిదో రోజున తనే పోయింది. నేనూ వెంట పోయాను.

వెంకటేశులప్ప బావి గట్టు మీదే ఉన్నాడు. ఆయన భార్య ప్రమీలమ్మ చింతచెట్టు నీడలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. అమ్మ దూరంగా నిలబడి, "నారు ముదురతాండాదప్పా" అంది.

"నువ్వే వచ్చి సూడు పాపక్కా" అన్నాడాయన.

బావిలోకి దిగి చూడమని కాదు. ఆ బావిలోకి దిగే వరస మాకు లేదు. గట్టు మీదనుంచి తొంగి చూశాం. ఎప్పుడూ పదో మెట్టుదాకా ఉండే నీళ్ళు అడుగున బండ సందుల్లో ఒక చిన్న మడుగులాగా ఉన్నాయి. ఆయన స్విచ్చి వేశాడు. తొట్టిలో నీళ్ళు పడ్డాయి. బీడీ తాగినంతసేపు కూడా పారలేదు, పైపు గాలి పీల్చి గరగరలాడింది. ఆయన ఆపేశాడు.

"దినానికి రెండుతూర్లు ఇట్ల. నేను అబద్దం సెప్తాండానా?"

అమ్మ ఇంకా లోపలికే చూస్తోంది. "లేదప్పా" అంది.

"మాట ఇచ్చినానని నాకూ ఉండాది. ఏం చేద్దును సెప్పు. ఈ నీళ్ళు పావెకరాకు చాల్తే ఎక్కువ."

ప్రమీలమ్మ తల ఎత్తకుండానే, "మా మడి గూడా మాడిపోయె. రెండుతూర్లు పోసినా ఒక్క మొక్క మిగల్లేదు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ గెనిమ మీద ఆగి మా ఇరవై సెంట్ల వంక చూసింది. నాయన తీసిన సాళ్ళు దువ్విన తలలాగా ఉన్నాయి. నాయన ఆ చివర ఇంకా రాళ్ళు ఏరుతూనే ఉన్నాడు. ఏమైందని అడగలేదు. మా నడకలోనే తెలిసిపోయినట్టుంది.

రెండు రోజుల తర్వాత, పొద్దున గిన్నెలు బయటపెట్టే వేళకు, వెంకటేశులప్ప మా వీధికి వచ్చాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన మా వీధిలో అడుగుపెట్టగా చూడలేదు. మా నాయనతో పనిపడితే వీధి మొదట్లో నిలబడి కేక వేసేవాడు. అవ్వ మంచం దిగి నిలబడింది. ఆయన వేపచెట్టు దగ్గర ఆగి, చెప్పుల మీద గొంతుకూర్చుని, వరసగా పెట్టిన గిన్నెల్ని ఒక్కొక్కటే చూశాడు. ఒక మొక్క కాడను రెండు వేళ్ళతో పట్టి చూశాడు.

"ఎట్ల పెంచినావు పాపక్కా! గట్టి నారు" అన్నాడు.

"ఎండ తగలకుండా పెంచినామప్పా."

నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వెంకటేశులప్పే అన్నాడు.

"ఇంగ నాలుగు దినాలుంటే ఇది నాటేదానికి పనికిరాదు. మీకూ లేకుండా, నాకూ లేకుండా పోతాది. నాకు ఇయ్యండి. ఊరికే వద్దు, ఇచ్చేది ఇస్తా."

నాయన గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. "పాలుకు పెడదామప్పా. నారు మాది, నీళ్ళు మీవి. మా చేన్లో వద్దు, మీ చేన్లోనే పెట్టండి. సగం వద్దు, మూడో పాలు ఇయ్యండి. పనంతా నేను సేస్తా."

ఆయన నేల వంక చూశాడు. "బావిలో మా అన్నోళ్ళకు పాలుండాది గంగులా. నా పంటకంటే నీళ్ళు వదల్తారు. మీతో పాలంటే ఒప్పుకోరు. నీకు తెల్దా?"

నాయనకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో ఉన్న మనిషికి తెలియనిదేమీ లేదు. అడగకుండా ఉండాల్సింది అన్నట్టు గోడ వైపు తిరిగాడు.

అమ్మ పొమ్మంటుందనుకున్నాను. నారు మొత్తం మేకలకైనా వేస్తుందిగానీ ఈయనకివ్వదనుకున్నాను. అమ్మ ఒక గిన్నె ముందు కూర్చుని, అందులో పడిన వేపాకు ఏరి పక్కన పెట్టింది.

"యాపొద్దు నాటతారు?" అంది.

"రేపు మాపటేళకు. కూలోళ్ళకు చెప్పినా."

"ఇంకెవురన్నా పీకితే యేర్లు తెగతాయప్పా. చుట్టుకోనుండాయి. నేనే నాటతా."

"నాటు. నీకంటే బాగా ఎవరు నాటతారు" అని ఆయన లేచాడు. ఎంతిస్తాడో ఆయన చెప్పలేదు, అమ్మ అడగలేదు.

ఆయన వీధి దాటి పోయాక, నేను ఒక డబ్బాలోనుంచి పిడికెడు మొక్కలు పెరికి వాకిట్లోకి విసిరికొట్టాను. "నువ్వు కనింది నన్నా, ఆయప్ప చేన్నా?" అని అరిచాను. అట్లాంటి మాట నా నోట ఎట్లా వచ్చిందో. అవ్వ నోరు మీద చెయ్యి పెట్టుకుంది. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. వంగి, ఒక్కొక్క మొక్కనూ ఏరి, మట్టి దులపకుండా తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టింది.

"ఎండిపోతే సూసేదానికి నాకు శాతకాదు పూలా" అంది.

మరుసటి రోజు పొద్దున నాయన గుట్టకు పోయి బోదగడ్డి కోసుకొచ్చాడు. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కి, ఎండ దిగే ఆ సందును మూసేశాడు. పాతది, కొత్తది కలిసేచోట ఎక్కడా గాలి దూరకుండా, చాలా నేర్పుగా కట్టాడు. దిగి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"కుప్పం పక్క రాళ్ళ పనికి మనుషుల్ని పిలస్తాండారంట. పోయి సూసొస్తా" అన్నాడు అవ్వతో. అమ్మ గిన్నెల్ని బుట్టల్లోకి సర్దుతోంది. ఆమెకు వినబడేలాగే అన్నాడు.

"మళ్ళ ఎంకటేశులప్ప దగ్గరకే పోరాదా? కొత్తోణ్ణి పెట్టుకోలేదంటనే" అంది అవ్వ.

"పోను."

"యాల పోవు?"

నాయన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అవ్వ ఇంకా ఏదో అనబోతే అమ్మ, "పోనీ అత్తా" అంది. అమ్మ సంగటిముద్ద ఒకటి గుడ్డలో కట్టి గడప మీద పెట్టింది. ఆయన తీసుకున్నాడు.

మాపటేళ ఎండ చల్లబడ్డాక నాటడం మొదలుపెట్టాం. వెంకటమ్మతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళం. అమ్మ డబ్బాను పక్కకు వాల్చి, అరచేత్తో అడుగున తట్టి, మట్టి గడ్డ గడ్డగా బయటికి తీసి, వేర్లు విడదీసి మాకు అందించేది. "కాడ పట్టుకోబాకండి, ఆకు పట్టుకోండి. లోతుగా పెట్టండి. పొడుగు సాగిండాది గదా, మెడదాకా మట్టిలోకి పోతే ఆడ గూడా యేరు పడతాది." ఎవరి చేన్లో నాటుతున్నామో మరిచిపోయినట్టు చెప్పేది. వెంకటమ్మ ఒకసారి, "నీ చేనే అనుకోనుండావా యేమి?" అంది. నవ్వుతూనే అంది. అమ్మ తర్వాతి డబ్బా వాల్చింది.

నాలుగో సాలులో ఉండగా రోడ్డు మీద పుంగనూరు బస్సు వచ్చింది. మా వీధి మొదట్లో ఆగి కదిలింది. కిటికీ పక్కన మా నాయన కూర్చుని ఉన్నాడు. తోట పక్కనుంచే పోయింది బస్సు. ఆయన మా వైపు చూశాడో లేదో దుమ్ములో తెలియలేదు. నేను చెయ్యి ఎత్తబోయి అమ్మ వంక చూశాను. ఆమె వంగే ఉంది. చేతిలో ఉన్న మొక్కను గుంటలో పెట్టి, చుట్టూ మట్టి నొక్కి, మరోసారి నొక్కి, ఇంకోసారి నొక్కింది. అంత నొక్కితే మొక్కకు మంచిది కాదని మాకు చెప్పింది ఆమే.

పొద్దు వాలే వేళకు మోటారు వేశారు. నీళ్ళు కాలవలో నురగతో వచ్చి, మొదటి సాలులోకి తిరిగాయి. పారలేక పారలేక, ఎండిన మట్టిని తడుపుకుంటూ, ఒక్కొక్క మొక్క మొదట్లో ఆగి ముందుకు పోయాయి. అమ్మ చీర ఎగదోపుకుని ఆ సాలు వెంబడే నడిచింది, చివరిదాకా. ప్రమీలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఎత్తునుంచి మా దోసిళ్ళలో పోసింది. "బాగా నాటినారే" అంది. అమ్మ తాగి, తడిచేత్తో మొహం తుడుచుకుంది.

రాత్రికి పొయ్యి మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. అవ్వ మంచం కూడా వచ్చింది. నేల మీద డబ్బాలు పెట్టినచోట గుండ్రటి తడి మరకలుండేవి. అమ్మ రెండుసార్లు పేడతో అలికింది.

నాయన వారానికి వస్తాడనుకున్నాం. నెలకు వచ్చాడు. చేతులు రాతిపొడితో బూడిదరంగు తిరిగాయి. ఒక రోజు ఉండి పోయాడు. ఆ ఒక్క రోజులో చేను వైపు పోలేదు. అవ్వ ఉండబట్టలేక, "వాన పడితే వస్తావా?" అని అడిగింది. "వానొస్తే ఎద్దులెవరియ్యల్ల? విత్తనమెవరియ్యల్ల? మళ్ళ ఎవురి వాకిట్లో నిలబడల్ల?" అన్నాడు. గొంతు పెంచలేదు. "రాళ్ళయితే ఎవుర్నీ అడగబన్లేదు. కొట్టితే పగలతాయి." అమ్మ అన్నం వడ్డిస్తోంది. ఆమె చెయ్యి ఆగలేదు.

వెంకటేశులప్ప తోటలో నారు బతికింది. నాటిందంతా ఒక్క మొక్క పోకుండా బతికింది. ఆ నీళ్ళకే సరిపెట్టుకుని, ఆకు ముదురు పచ్చగా తిరిగి, గుత్తులు గుత్తులుగా కాసింది. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆ ఏడు టమోటా లేదు. వాల్మీకిపురంనుంచి కూడా మనుషులు వచ్చి చూసిపోయారు. "ఇంట్లో పోసిన నారంట" అని చెప్పుకున్నారు. ఎవరి ఇంట్లో అన్నది కొందరు చెప్పారు, కొందరు చెప్పలేదు.

శ్రావణంలో రెండో కోతకు మమ్మల్ని పిలిచారు. అమ్మా, నేనూ, వెంకటమ్మా అందరం పోయాం. పొద్దున్నుంచీ గాలి లేదు. మధ్యాహ్నం దాటాక గుట్ట వెనకనుంచి నల్లగా మబ్బు లేచింది. ఎప్పటిలాగే పోతుందిలే అనుకున్నాం. పోలేదు. ముందు నాలుగు చినుకులు బుట్టల్లో పండ్ల మీద టపటపమన్నాయి, తర్వాత ఒక్కసారిగా దించేసింది. అందరం బుట్టలెత్తుకుని మోటారు కొట్టంలోకి పరిగెత్తాం. ఆ ఇరుకులో నిలబడి ఆడవాళ్ళు నవ్వుతున్నారు, కొంగులు పిండుకుంటున్నారు. ఎవరో పాట అందుకున్నారు. అమ్మ వాకిలి దగ్గర, సగం తడుస్తూ నిలబడింది.

గెనిమకు ఆ పక్క మా రెండెకరాలు కనబడుతోంది. మా నాయన తీసిన సాళ్ళు అట్లాగే ఉన్నాయి. వాటిలో గడ్డి కూడా మొలవలేదు. ఎర్రమట్టి వానను చప్పుడు లేకుండా తాగుతోంది. కాసేపటికి సాళ్ళు నిండాయి. పక్కపక్కనే బారులుగా మా ఇరవై సెంట్లలోనూ నీళ్ళు నిలబడ్డాయి.

"పాపక్కా, మీ చేను బాగా పదునయ్యింది సూడు" అంది వెంకటమ్మ వెనకనుంచి. "గంగులన్నకు చెప్పంపించు. ఇంగా పొద్దు మించలేదు, ఉలవలన్నా చల్లుకోండి."

"ఆయప్ప రాడు" అంది అమ్మ.

"అట్లంటే ఎట్లమ్మా? భూమి ఊరికే పెట్టుకుంటారా?"

నేను అమ్మ పక్కకు పోయి నిలబడ్డాను. ఆమె చేతిని పట్టుకోవాలనిపించింది. మా ఇళ్ళల్లో అట్లాంటివి అలవాటు లేవు. ఊరికే నిలబడ్డాను. వాన గంటసేపు కురిసింది.

వెలిసినాక వెంకటేశులప్ప గట్టు మీదనుంచి, "బురదలో కాయలు పడిపోతాయి, బిన్నా కానీయండమ్మా" అని కేకవేశాడు. అమ్మ అందరికంటే ముందు బుట్ట తీసుకుని సాలులోకి దిగింది.